అత్త సొమ్ము అల్లుడు దానం – సీఎస్ఆర్‌కి ఈ సామెత నప్పుతుందా?

ప్రశ్న:
మా ఊరి హైస్కూల్‌కి ఒక కంపెనీవాళ్ళు సీఎస్ఆర్ (కంపెనీలు లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టడం) కింద బెంచీలిచ్చారు, ప్రతి బెంచీ వెనకా కంపెనీ పేరు పెద్దక్షరాల్లో వేశారు. మా నాన్నగారు చూసి "అత్త సొమ్ము అల్లుడు దానం" అన్నారు, పక్కనున్న మాస్టారేమో కాదండీ "సొమ్మొకడిది సోకొకడిది" అనాలన్నారు. రెండూ ఒకటేనా?

జవాబు:
ఒకటి కాదండి. సోకు అంటే షోకే, అవతలివాడి డబ్బుతో తను ముస్తాబవడం. అల్లుడు అలా కాదు, నిజంగానే దానం చేస్తున్నాడు, పుచ్చుకున్నవాళ్ళకి మేలే జరుగుతోంది. తప్పల్లా అత్తని అడక్కపోవడం, పేరు తను కొట్టేయడం. (కొన్నిచోట్ల "అల్లుడు ధారపోసినట్టు" అంటారు, నీళ్ళు వదిలి ఇచ్చేదీ దానమే కాబట్టి అర్థం మారదు.) బెంచీలు పిల్లలకి పనికొచ్చేవి, వాటిని సోకు అనడం అన్యాయం, కాబట్టి మీ నాన్నగారి మాటే కరెక్ట్.

ఇక అత్త ఎవరన్నదే అసలు చిక్కు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త అత్త అంటే షేర్‌హోల్డరే అన్నట్టు వాదించాడు, వాళ్ళ డబ్బుతో మేనేజర్లు సమాజసేవ చేస్తే ఎవరూ ఎన్నుకోకుండానే పన్ను వేసి ఖర్చుపెట్టినట్టే అని. కంపెనీకి లాభం ఒక్కటే పని అన్న ఆయన మాట నాకు అస్సలు నచ్చదు కానీ ఈ ముక్కని మాత్రం కొట్టిపారేయలేం. మన దగ్గర 2014 ఏప్రిల్ 1 నుంచి, అంటే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ అమల్లోకి వచ్చాక, నికర లాభం 5 కోట్లు దాటినా చాలు, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకి పెట్టాల్సిందే. ఇప్పుడది దాదాపు పన్నే కదా, పన్నంటే జనం సొమ్ము, అప్పుడు అత్త మనమే అవుతాం. నిజంగా పన్నే అయితే అసెంబ్లీలో బడ్జెట్ పెట్టాలి, ఎమ్మెల్యేలు నిలదీయాలి, ఇక్కడ కంపెనీలోని కమిటీ సిఫార్సు చేసి కంపెనీ బోర్డు సరేనంటే అయిపోయింది, గ్రామసభని అడగాలని ఆ సెక్షన్‌లో లేదు. మీ స్కూల్‌కి బెంచీలకన్నా ముందు ఆడపిల్లలకి బాత్రూం కావాలేమో, ఎవరడిగారు?

మళ్ళీ ప్రశ్న:
ఏమీ ఇవ్వకపోవడం కన్నా నయమే కదండీ? సర్కారు చేతికిస్తే బెంచీలు వచ్చేవంటారా?

జవాబు:
నయమే, కాదనను. నా బాధ ఇచ్చినందుకు కాదు, ఎవరికివ్వాలో తేల్చే చోట మనం లేనందుకు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదట్లో, పీఎం కేర్స్ అనే ప్రధాని నిధికి ఇస్తే సీఎస్ఆర్ కింద లెక్క, ముఖ్యమంత్రి సహాయనిధికి ఇస్తే లెక్కలోకి రాదు అని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్‌తో తేల్చేసింది. ఆంధ్రా, తెలంగాణతో సహా అన్ని రాష్ట్రాలూ మనం ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వాలే, ఆసుపత్రులు నడిపేదీ అవే. అలాగే కంపెనీ ఉన్న చుట్టుపక్కలకి ప్రాధాన్యం ఇమ్మంటుంది చట్టం, పొగ పీల్చే ఊళ్ళకి అది న్యాయమే గానీ ఫ్యాక్టరీలే లేని మండలానికి ఏ అల్లుడొస్తాడండీ?

ఇంకోటి కూడా చూడండి. పార్టీలకిచ్చే చందా సీఎస్ఆర్ కాదని రూల్స్‌లో ఉంది, మంచిదే, కానీ ఆ చందాకి లాభంలో 7.5 శాతం అని ఉన్న పరిమితిని 2017లో ఎత్తేశారు, ఎలక్టోరల్ బాండ్లు (బ్యాంకులో కొని పార్టీలకిచ్చే చందా పత్రాలు) తెచ్చారు, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అవి నడిచాయి. బెంచీ మీద పేరు పెద్దక్షరాల్లో, బాండ్ మీద కొన్నవాళ్ళ పేరే ఉండేది కాదు.

కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే బోర్డు ఒప్పుకున్న సీఎస్ఆర్ పనుల వివరాలు అందులో పెట్టాలని రూల్ ఉంది. మాస్టారితో కలిసి ఒకసారి చూడండి, స్కూల్ కమిటీ చేత వచ్చే ఏడాదికి ఏం కావాలో వాళ్ళకి ఉత్తరం రాయించండి, ఒక కాపీ పంచాయతీలో కూడా ఇవ్వండి.