ముప్పై చిల్లర వీఎమ్‌లు (వర్చువల్ మెషీన్లు), అన్నీ చేత్తో పెట్టినవే. యాన్సిబుల్ (చాలా సర్వర్లని ఒకే తీరుగా సెట్ చేసే టూల్) ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

యార్డు_అడ్మిన్, గుంటూరు:

మిర్చి కమీషన్ కొట్లకి లాట్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే చిన్న ఆఫీసు మాది. కొట్టుకో ఉబుంటు వీఎమ్, దాన్లో మరియాడీబీ డేటాబేస్, మా యాప్. అన్నీ వీఎమ్‌లు నడిపే రెండు ప్రాక్స్‌మాక్స్ సర్వర్ల మీద ఉన్నాయి. నాకు ముందున్నాయన ఒక్కొక్కటీ చేత్తో పెట్టి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఏ రెండూ ఒకలా లేవు. మొన్న ఒక షావుకారు ఫోన్ చేసి ఒకటే కేకలు, తెల్లవారుజామున దిగిన బస్తాలకి నిన్నటి తేదీ పడుతోందని. చూస్తే ఆ వీఎమ్ యూటీసీలో ఉంది, మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక. పొద్దున ఐదున్నర లోపు కొట్టిన ఎంట్రీలన్నీ ముందురోజు లెక్కలోకి పోతున్నాయి.

యాన్సిబులా, అలాంటిదే పప్పెటా? టెర్రాఫామ్ కూడా కావాలా? ఇంకోటి, టెంప్లేట్ (అచ్చు వీఎమ్) నుంచి క్లోన్ చేసిన రెండు వీఎమ్‌లకి ఒకే ఐపీ వస్తోంది. మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ కార్డు నంబర్లు) వేరేగానే ఉన్నాయి మరి.

రూట్_కాదు:

యాన్సిబుల్ చాలు. ప్రతి వీఎమ్‌లో విడిగా ఏజెంట్ ప్రోగ్రామ్ అక్కర్లేదు, అవతల ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి), పైథాన్ ఉంటే నడిచిపోద్ది. టెర్రాఫామ్ వీఎమ్‌లు పుట్టించడానికి. నీ తలనొప్పి వీఎమ్ లోపల ఉంది.

పటమట_సిసాడ్మిన్, విజయవాడ:

తమ్ముడూ, ముందు ఐపీ సంగతి తేల్చేద్దాం. ఉబుంటు ఐపీలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌కి తన గుర్తుగా మ్యాక్ చెప్పదు, ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే మెషీన్-ఐడీ నుంచి చేసుకున్న గుర్తు చెప్తుంది. టెంప్లేట్‌లో ఆ ఫైల్ నిండా ఉంటే క్లోన్‌లన్నీ తమది ఒకే పేరంటాయి. టెంప్లేట్‌గా మార్చేముందు దాన్ని ఖాళీ చెయ్యి, మొదటి బూట్‌లో కొత్తది పుడుతుంది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (సర్వర్ గుర్తింపు కీలు) కూడా తీసెయ్యి, మొదటి బూట్‌లో సెట్టింగులు చేసే క్లౌడ్-ఇనిట్ ఉంటే మళ్ళీ అదే చేసుకుంటుంది. అది లేకుండా తీసేశావో, ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ లేవదు, కన్సోల్ నుంచి ఎక్కాలి.

ఇక అసలు పని. "సర్వర్ సెటప్" అని వెయ్యి లైన్ల ప్లేబుక్ (యాన్సిబుల్ చెయ్యాల్సిన పనుల జాబితా) రాయకు. ముందు వీఎమ్ వివరాలు సేకరించే సెటప్ మాడ్యూల్ ఒక్కటి అన్నిటి మీదా తిప్పు. ఉబుంటు వెర్షన్, ర్యామ్, టైమ్‌జోన్ అన్నీ ఒకచోటికొస్తాయి. ఏ వీఎమ్‌లోకీ విడిగా లాగిన్ అవ్వక్కర్లేదు. తర్వాత మొదటి ప్లేబుక్‌లో టైమ్‌జోన్ ఒక్కటే పెట్టు. మారిన చోట మరియాడీబీని రీస్టార్ట్ చేసే హ్యాండ్లర్ (ఏదైనా మారితేనే నడిచే టాస్క్) తప్పనిసరి. మరియాడీబీ సిస్టమ్ టైమ్‌జోన్‌ని స్టార్ట్ అయ్యేటప్పుడే చదువుకుంటుంది, తర్వాత చూడదు. టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌ని కూడా రీస్టార్ట్ చెయ్యి.

చెక్ మోడ్‌లో (ఏదీ మార్చకుండా ఏం మారుతుందో చెప్పేది) తిప్పి చూడటం మంచిదే గానీ దాన్ని పూర్తిగా నమ్మకు. షెల్ మాడ్యూల్‌తో (నేరుగా కమాండ్‌లు) రాసినవి చెక్ మోడ్‌లో మామూలుగా నడవవు, దాటేస్తుంది. పైన అంతా పచ్చగా కనపడుతుంది, అసలు రన్‌లో తెలుస్తుంది నీ పని.

పాత ఎంట్రీలు యాన్సిబుల్ దిద్దదు. డేటాబేస్‌లో తేదీ ఉన్నది టైమ్‌స్టాంప్ కాలమ్ అయితే జోన్ మారగానే సరిగ్గా కనపడుతుంది, డేట్‌టైమ్ అయితే తప్పు తేదీ అలాగే ఉంటుంది, ఎస్‌క్యూఎల్ రాసుకోవాలి. ఆ షావుకారుతో మాట్లాడి, కాటాలు అయిపోయాక చెయ్యి. మరియాడీబీ మెమరీ సెట్టింగుల్లాంటివి మే నెలలో యార్డు సెలవులిచ్చాక పెట్టుకో. మిర్చి సీజన్‌లో డేటాబేస్ మీద చెయ్యి వేసేవాడికి ధైర్యం కాదు, ఇంకేదో ఎక్కువైందన్నమాట.

యార్డు_అడ్మిన్:

అన్నా, సెటప్ తిప్పా. ఇంకొన్ని యూటీసీలోనే దొరికాయి. ఒకదాన్లో మాత్రం విచిత్రం. టైమ్‌జోన్ మారాక, తర్వాతి టాస్క్‌లో ఏపీటీ (ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసేది) లాక్ మీద ఫెయిలైంది. మళ్ళీ తిప్పితే అంతా ఓకే అంది, కానీ మరియాడీబీ ఇంకా పాత టైమే చూపిస్తోంది.

పటమట_సిసాడ్మిన్, విజయవాడ:

హ్యాండ్లర్లు మామూలుగా ప్లే చివర్లో నడుస్తాయి. మధ్యలో ఫెయిలైతే ఆ హోస్ట్‌కి హ్యాండ్లర్ నడవదు. రెండోసారికి టైమ్‌జోన్ ఎలాగూ మారిపోయి ఉంది, మారింది ఏమీ లేదు కాబట్టి హ్యాండ్లర్‌ని ఎవరూ పిలవరు. ఫోర్స్ హ్యాండ్లర్స్ ఆన్ చెయ్యి, ఫెయిలైనా నడుస్తాయి, లేదా టైమ్‌జోన్ టాస్క్ కిందే ఫ్లష్ హ్యాండ్లర్స్ పెట్టు, అక్కడికక్కడే నడుస్తాయి. ఇప్పటికి ఆ ఒక్కదాన్ని చేత్తో రీస్టార్ట్ చెయ్యి. ఏపీటీ లాక్ బహుశా తనంతట తానే అప్‌డేట్‌లు వేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్‌ది. ఏపీటీ మాడ్యూల్‌లో లాక్ టైమౌట్ పెంచితే ఆగి చూస్తుంది. అసలు టైమ్‌జోన్ ప్లేబుక్‌లో ఏపీటీకి ఏం పని? ఒక్కటే పెట్టమన్నాగా.

బ్రాడీపేట_లైన్లు, గుంటూరు:

పప్పెట్‌ని అంత తేలిగ్గా కొట్టేయొద్దండీ. మీరు తిప్పినప్పుడే యాన్సిబుల్ పని చేస్తుంది. సపోర్ట్ కుర్రాడు రాత్రి ఒక వీఎమ్‌లో ఏదో మార్చి వెళ్ళాడనుకోండి, మళ్ళీ ప్లేబుక్ తిప్పేదాకా అలాగే ఉంటుంది. పప్పెట్ ఏజెంట్ మామూలుగా 30 నిమిషాలకోసారి వచ్చి దిద్దుతుంది. సర్వర్ జావా మీద నడుస్తుంది, ర్యామ్ తింటుంది, అది ఒప్పుకుంటా. అంత వద్దనుకుంటే యాన్సిబుల్-పుల్‌ని (వీఎమ్ తనే గిట్ నుంచి ప్లేబుక్ తెచ్చుకుని నడిపేది) టైమర్‌లో పెట్టండి, ఆపి ఉన్న వీఎమ్ కూడా లేచాక తనే తెచ్చుకుంటుంది.

పటమట_సిసాడ్మిన్, విజయవాడ:

పుల్ పెడితే ప్రతి షావుకారు వీఎమ్‌లోనూ యాన్సిబుల్ ఉండాలి, గిట్ కీ ఉండాలి, వాల్ట్ (పాస్‌వర్డ్‌లు తాళం వేసి దాచేది) వాడితే దాని పాస్‌వర్డ్ కూడా. ఒక కొట్టు వీఎమ్ ఎవడైనా హ్యాక్ చేస్తే మిగతా వాళ్ళ డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ బయటపడ్డట్టే. ఆఫీసులో ఒక చిన్న వీఎమ్ కంట్రోల్ నోడ్‌గా (యాన్సిబుల్ నడిపే చోటు) పెట్టుకుని, రోజూ రాత్రి చెక్ మోడ్‌లో తిప్పి, తేడా ఉన్నవి మెయిల్ చేయించుకో తమ్ముడూ. దిద్దడం మాత్రం పొద్దున నువ్వు చూసి చెయ్యి. సపోర్ట్ కుర్రాడికి ఆ రాత్రి సుడో (అడ్మిన్ హక్కు) ఎందుకిచ్చారో కూడా అడుగు.