సమస్యాపూరణం: ‘నీరు తాగి కారు నిప్పు కక్కె’

ఆటవెలది నాలుగో పాదం ఇది; ముందున్న మూడు పాదాలు పూరించాలి. వాడుక మాటలు చెల్లుతాయి, సరళాదేశం (క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లుగా మారడం) పట్టింపు లేదు. గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) మాత్రం తప్పకూడదు. పాత కారులో నిజంగా జరిగేదే కారణంగా చూపాలి.

సారథి:

రేడియేట రందు రెండేళ్లు నీరుండ
తుప్పు పేరి సన్న తూము పూడె
హెడ్డు గాస్కె టెగిరి యింజను సెగలూది
నీరు తాగి కారు నిప్పు కక్కె

సమీక్ష: సారథి గారూ, చక్కని పూరణ. యతులన్నీ కుదిరాయి, కారణమూ వరుస తప్పలేదు. వట్టి నీటిలో తుప్పును ఆపే మందు ఉండదు. అందుకే చిక్కటి (కాన్సంట్రేట్) కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో సగం సగం కలిపి పోయాలి. అయితే సెగలు చూడగానే మెకానిక్‌ను హెడ్ (ఇంజన్ పై భాగం) విప్పనివ్వకూడదు. ఫ్యాన్ తిరుగుతోందా, థర్మోస్టాట్ (వేడెక్కాక నీటిని రేడియేటర్‌కు వదిలే కవాటం) తెరుచుకుంటోందా, రేడియేటర్ మూత రబ్బరు గట్టిగా ఉందా అన్నవి ముందు చూడాలి. మూత ఒత్తిడి నిలపకపోతే నీరు త్వరగా మరుగుతుంది. ఆ తర్వాతే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం). పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తక్కువ చూపిస్తే గాస్కెట్‌ను (హెడ్‌కు, దాని కింది బ్లాకుకు మధ్య ఉండే పొరను) అనుమానించవచ్చు.

చక్రధారి:

ఫ్యూజు పోవ రాగి పోగు బిగింపగా
వాన తడికి తీగ పైన తొడుగు
కరగి మంట రేగె కార్పెట్టు కిందనే
నీరు తాగి కారు నిప్పు కక్కె

సమీక్ష: వ–పై యతి చెల్లుతుంది. భావంలో ఒక మెట్టు తగ్గింది: తడికి తొడుగు కరగదు. తడి వల్ల షార్ట్ అయితే 10 ఆంపియర్ల ఫ్యూజు తెగి కాపాడేది. రాగి పోగు తెగదు కాబట్టి తీగే కాలుతుంది.

చక్రధారి: నిజమే, ఆ మెట్టు పద్యంలో పట్టలేదు. ముందు అద్దం కింది నీటి దారి ఆకులతో మూసుకుపోతే వాన నీరు కార్పెట్ కిందికి దిగుతుంది. ముందు ఆ దారి శుభ్రం చేయించాలి.

ఇరుసు:

వేడి మీద మూత విప్పి చన్నీళ్లను
పోయ నెఱ్ఱె వారి పోయె హెడ్డు
చమురు నీరు కలసి నురగలై మాడగా
నీరు తాగి కారు నిప్పు కక్కె

సమీక్ష: ఇరుసు గారూ, మూడో పాదంలో యతి తప్పింది; చ–ను మైత్రి లేదు. ‘చమురు నీరు కలసి చల్లయై మాడగా’ అంటే సరి; చల్ల అంటే మజ్జిగ. ఆయిల్ మూత కింద కనిపించేదీ ఆ తెల్లటి చిక్కదనమే. చిన్న దూరాలే తిరిగే బండిలో మూతకు మాత్రమే పట్టే తెలుపు చెమ్మ కావచ్చు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీదా కనిపిస్తేనే భయం.

ఇరుసు: సవరణకు ధన్యవాదాలు. హెడ్‌ను చదును చేయించడానికి లేత్‌కు పంపేముందు స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని కొలబద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి వంకర ఎంతో మన ఎదుటే కొలవమనాలి. నెఱ్ఱె ఉందో లేదో ప్రెజర్ టెస్ట్‌లో తేల్చుకోకుండా చదును చేయిస్తే ఆ ఖర్చు దండగ. తిరిగి బిగించేటప్పుడు బోల్టులు నడిమి నుంచి అంచులకు, విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.