ఎగ్జిమాకూ, పేగు లేదా కాలేయ వ్యాధులకూ సంబంధం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయికి పసితనం నుంచి మోచేతి మడతల్లో ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉంది, గోక్కోవడం వల్ల తెల్లారేసరికి దుప్పటి మీద రక్తపు చుక్కలు కనిపిస్తాయి. నెల రోజులుగా విరేచనాలు కూడా పట్టుకున్నాయి. రెండింటికీ సంబంధం ఉంటుందా? కాలేయం మాటేమిటి?

జవాబు 1: ఎగ్జిమా ఉన్నవారిలో క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ (రెండూ పేగులో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బులు) కొంత ఎక్కువగా కనిపిస్తాయని పరిశోధనలు చెబుతున్నా, అత్యధికులకు అవి రావు, ఒకటి రెండోదానికి కారణమనీ తేలలేదు. అయినా నెల దాటిన విరేచనాలను తేలిగ్గా తీసుకోకండి. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాచినప్పుడు మలంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష చేయిస్తే పేగులో వాపు ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా వెంటనే వైద్యులకు చూపించండి.

జవాబు 2: కాలేయం దారి వేరండీ. పిత్తం (కాలేయంలో తయారయ్యే జీర్ణరసం) సరిగా పారనప్పుడు దద్దుర్లేమీ లేకుండానే అరచేతుల్లో, అరికాళ్లలో దురద పుట్టి రాత్రిళ్లు ముదురుతుంది. నేను దాన్ని ఎగ్జిమా అనుకుని ఏడాదిపాటు పూతమందులు రాసుకున్నాను. చివరికి రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (పిత్తం పారకపోతే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగినట్టు తేలింది.

జవాబు 3: ఎగ్జిమాకు మెథోట్రెక్సేట్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు, కాలేయానికి హాని చేయొచ్చు) వాడుతుంటే కాలేయ పరీక్షలు ఎలాగూ క్రమం తప్పకుండా చేయించాలి.