పాత లైకా ఎం8 ఉంచుకోవాలా, అమ్మేయాలా?

నల్గొండ నీడలు:

అందరికీ నమస్తే. నల్గొండలో చిన్న స్టూడియో నాది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ కొత్త రకం మిర్రర్‌లెస్ డిజిటల్ కెమెరా మీదనే నడుస్తున్నాయి, దాంతో నాకు ఏ ఇబ్బందీ లేదు. అడుగుతున్నది నా దగ్గరున్న లైకా ఎం8 కెమెరా గురించి. 2006లో వచ్చిన మోడల్, 10.3 మెగాపిక్సెల్, కోడాక్ సీసీడీ సెన్సర్, లైవ్ వ్యూ లేదు, వీడియో లేదు, ఆటోఫోకస్ అసలే లేదు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. దానికి వోయిట్‌లాండర్ కలర్ స్కోపర్ 35 ఎంఎం ఎఫ్2.5 ఒక్కటే లెన్సు. ఇప్పుడు ఒకాయన మంచి రేటు ఇస్తానంటున్నాడు. పెళ్లిళ్ల సీజన్ ముందు నాకు ఇంకో ఫ్లాష్, ఒక 85 ఎంఎం లెన్సు కావాలి. ఇంట్లో కూడా "సంపాదించే కెమెరా వేరే ఉంది కదా, అంత డబ్బు దీంట్లో ఎందుకు ఇరికించి పెట్టుకోవడం" అంటున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ నాకు ఇష్టంగా ఫోటో తీయాలనిపించేది దీంతోనే. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తరచూ పోతుంటాను. తెలియనివాళ్లకు చెప్తున్నా, గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది, పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ అక్కడే ఉంటుంది, అందుకే ఆ పేరు. మండపం లోపల నల్లటి రాతి స్తంభాలు, బయట కళ్లు బైర్లు కమ్మే వెలుగు. అక్కడ ఎం8 కంటికి పెట్టుకుంటే వ్యూఫైండర్ మధ్యలో చిన్న లేత చతురస్రం కనిపిస్తుంది, అందులో ఒకే స్తంభం రెండుగా ఉంటుంది, లెన్సు రింగు తిప్పుతుంటే ఆ రెండో బొమ్మ జరుగుతూ జరుగుతూ వచ్చి మొదటిదాని మీద సరిగ్గా కూర్చుంటుంది. అంతే, ఫోకస్ అయిపోయింది, ఈ ఏర్పాటునే రేంజ్‌ఫైండర్ అంటారు. ఇంకోటి, ఫ్రేమ్ గీతల బయట ఏముందో కూడా కనిపిస్తూనే ఉంటుంది. గుడిలోకి వచ్చే ముసలాయన ఇంకా ఫ్రేమ్‌లోకి రాకముందే నాకు కనిపిస్తాడు, ఆయన అడుగు ఎక్కడ పడుతుందో చూసుకుని నొక్కొచ్చు. మిర్రర్‌లెస్‌లో ఉండే చిన్న టీవీ లాంటి ఈవీఎఫ్‌లో చూస్తూ పని చేసేటప్పుడు నాకు ఇది దొరకదు.

ఇబ్బందులూ తక్కువేం లేవు. ఐఎస్ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి, 160, 320 దగ్గర రంగులు ఎంత బాగుంటాయో 1250 దగ్గర అంత గరుకుగా ఉంటాయి. నల్ల సింథటిక్ బట్ట వంకాయ రంగులో వస్తుంది, ఒక రిసెప్షన్‌లో సరదాగా నాలుగు తీస్తే పెళ్లికొడుకు సూటు మొత్తం ఊదాగా వచ్చింది. ఈమధ్య దూరంగా ఉన్నవాటి మీద ఆ రెండు బొమ్మలు పూర్తిగా కలవట్లేదు, వెంట్రుకవాసి తేడా ఉంటోంది. బండి మీద గుంతల రోడ్లలో తిరిగి తిరిగి అలా అయిందేమో. ఇది రిపేరుకు లొంగేదేనా, లేక ఇక్కడి నుంచి ఖర్చులు మొదలవుతాయా? వాడినవాళ్లు జర వివరంగా చెప్పండి.

సూర్యాపేట రోడ్:

తమ్ముడూ, నేనూ స్టూడియో నడిపినవాణ్నే, సూటిగా చెప్తాను, మంచి రేటు వస్తున్నప్పుడు ఇచ్చెయ్. ఫిల్మ్ కెమెరా అయితే నేనే వద్దనేవాణ్ని, దాంట్లో స్ప్రింగులు, పళ్లచక్రాలు ఉంటాయి, ఓపికున్న మెకానిక్ యాభై ఏళ్ల తర్వాత కూడా నిలబెడతాడు. ఇది అట్లా కాదు. లోపల ఉన్నది 2006 నాటి ఎలక్ట్రానిక్ బోర్డు. ఎం8 వెనక స్క్రీన్‌లో కొన్నిటికి కాఫీ మరకలాగా ఒక మచ్చ వ్యాపిస్తుంది, ఆ స్క్రీన్‌కు కంపెనీ దగ్గరే విడిభాగాలు అయిపోయి చాలా ఏళ్లయింది. బోర్డు పోయినా అదే కథ. ఈరోజు పని చేస్తోంది కాబట్టి దానికి రేటు ఉంది, పని చేయని రోజు ఏ రేటూ ఉండదు.

లెన్సు మాత్రం ఇవ్వకు. లెన్సు బిగించే ఎం మౌంట్ 1954 నుంచి మారలేదు, ఆ కలర్ స్కోపర్‌ను అడాప్టర్ పెట్టి నీ మిర్రర్‌లెస్ మీదనే వాడుకోవచ్చు, రేపు చేతిలో డబ్బులు ఆడినప్పుడు కొత్త బాడీ మీదా వాడుకోవచ్చు. బాడీ ఇచ్చేసి 85 కొనుక్కో, ఆ 85 నీకు రెండు సీజన్లలో దాని డబ్బు అది తెచ్చుకుంటుంది. పిల్లల ఫీజులు, షాపు కిరాయి ఉన్నవాడు ముందు ఆలోచించాల్సింది అది. నీ ఇష్టాన్ని తక్కువ చేయడం లేదు, నాకూ ఒకప్పుడు అట్లాంటి కెమెరా ఉండేది, అవసరానికి ఇచ్చేశాను, ఆ డబ్బుతో కొన్న లైట్లు ఇప్పటికీ వాడుతున్నాను.

ఇంకో మాట, ఆ సిరీస్‌లో సెన్సర్ అద్దం తుప్పు పట్టే సమస్య ఉందంటారు, అదీ చూసుకో.

పాలమూరు ఎండ:

మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను, కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఎం8 చాలాకాలంగా వాడుతున్నాను. ముందు పైన చెప్పినదాంట్లో ఒకటి సరిచేయాలి. సెన్సర్ అద్దం పాడయ్యే సమస్య 2009లో వచ్చిన ఎం9ది, ఎం9 సెన్సర్ మీదే చేసిన ఎం-ఈ, మొదటి మోనోక్రోమ్‌లది. ఎం8 అద్దం వేరు, దానికి ఆ సమస్య లేదు. కొనేవాళ్లలో చాలామంది ఈ రెంటినీ కలిపేసి భయపడుతున్నారు.

ఇక ఆ వంకాయ రంగు సంగతి. ఎం లెన్సు వెనక భాగం సెన్సర్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, మౌంట్ నుంచి సెన్సర్‌కు ఉన్న దూరమే 27.8 మిల్లీమీటర్లు. అందువల్ల ఫ్రేమ్ అంచుల దగ్గర వెలుతురు బాగా ఏటవాలుగా వచ్చి పడుతుంది. సెన్సర్ ముందు మందమైన ఫిల్టర్ పెడితే ఆ ఏటవాలు కిరణాలు చెదిరి మూలలు మసకబారతాయి. అది జరగకూడదని ఎం8లో ఆ అద్దాన్ని పలచగా, 0.5 మిల్లీమీటరే ఉంచారు, దాంతో ఇన్‌ఫ్రారెడ్‌ను, అంటే కంటికి కనిపించని పరారుణ కిరణాలను, ఆపే బలం తగ్గిపోయింది. నల్ల సింథటిక్ బట్ట మన కంటికి నల్లగా ఉన్నా ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా వెనక్కి కొడుతుంది, అదే ఫోటోలో ఊదా రంగుగా వస్తుంది. మందు చాలా తేలిక, లెన్సు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే యూవీ-ఐఆర్ కట్ ఫిల్టర్ తగిలించడమే. మీ కలర్ స్కోపర్‌కు 39 ఎంఎం సైజు సరిపోతుంది. సూట్లు, గొడుగులు, బురఖాలు నల్లగా వస్తాయి, ఆకుల్లో వచ్చే పసుపు ఛాయ కూడా పోతుంది. 28 లేదా ఇంకా వెడల్పు లెన్సు వాడితే ఈ ఫిల్టర్ వల్ల మూలలు నీలి ఆకుపచ్చగా తిరుగుతాయి, 35తో అంతగా బాధించదు.

ఇదే కారణంతో మీ లెన్సు మిర్రర్‌లెస్ మీద అంత బాగుండకపోవచ్చు. వాటి సెన్సర్ ముందు అద్దం మందంగా ఉంటుంది కాబట్టి రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్సులు అంచుల్లో మెత్తబడతాయి. బాడీ అమ్మేసి లెన్సు ఉంచుకుంటే అదే ఫోటో వస్తుందనుకోవద్దు.

నేను అసలు రాయాలనుకున్నది వేరే. ఆ లోపం అంటున్నారే, దాన్ని నేను వాడుకుంటున్నాను, నా కెమెరా నేను అమ్మకపోవడానికి కారణం అదే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే ఫోటో తీసేవాళ్లంతా కెమెరాలు సంచిలో పెట్టేస్తారు. నేను అప్పుడు బయల్దేరతాను. కట్ ఫిల్టర్ తీసేసి హోయా ఆర్72 అనే ఫిల్టర్ పెడతాను, అది కంటికి కనిపించే వెలుతురును దాదాపు అంతా ఆపేసి 720 నానోమీటర్లు దాటినదాన్నే లోపలికి పంపుతుంది. వేరే కెమెరాల మీద ఈ ఫిల్టర్ పెడితే ట్రైపాడ్, సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజర్ కావాలి, ఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో చూస్తే అంతా చీకటి. ఎం8లో మనం చూసేది లెన్సులోంచి కాదు కదా, ఫిల్టర్ ఎంత నల్లగా ఉన్నా వ్యూఫైండర్ ఎప్పటిలాగే తేటగా ఉంటుంది, ఫోకస్ చేసుకోవచ్చు, ఎదుటి మనిషి ముఖం చూడొచ్చు. ఎండ గట్టిగా ఉంటే ఐఎస్ఓ 640, ఎఫ్8 దగ్గర చేత్తోనే తీసేయొచ్చు. ఇన్‌ఫ్రారెడ్‌లో ఫోకస్ కొద్దిగా జరుగుతుంది కాబట్టి ఎఫ్8 కంటే ఎక్కువ తెరవకండి.

మా పిల్లలమర్రి చెట్టు దగ్గర మిట్టమధ్యాహ్నం తీసి చూడండి. ఆకులన్నీ తెల్లగా వెలుగుతాయి, ఊడలు ఒక్కొక్కటీ చీకట్లోంచి విడివిడిగా బయటికి వస్తాయి, కొమ్మల మధ్య ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది. ఫరహాబాద్ దగ్గర వ్యూ పాయింట్ నుంచి నల్లమల తీస్తే దూరపు మసక చాలా వరకు తగ్గి వెనక వరుస కొండలు కూడా తేలతాయి. ఈ పని చేయడానికి జనం మామూలు కెమెరాల సెన్సర్ విప్పించి మార్పించుకుంటున్నారు. మీ చేతిలో ఉన్నది ఏ మార్పూ లేకుండా రెండు పనులూ చేస్తుంది.

దేవరకొండ ఖిల్లా:

అందరూ అమ్మాలా వద్దా అంటున్నారు గానీ ముందు ఆ రేంజ్‌ఫైండర్ సంగతి తేల్చుకోండి అన్నా, అది తేలకుండా రేటు కూడా సరిగ్గా తెలియదు. లెన్సును ఇన్ఫినిటీకి, అంటే అతి దూరం గుర్తుకు, తిప్పి పెట్టి లతీఫ్ సాహెబ్ గుట్ట పైనున్న ఏదైనా నిలువు గీత చూడండి, గోడ అంచో, స్తంభమో, కనీసం కిలోమీటరు దూరం ఉండాలి. రెండు బొమ్మలు పక్కకు తప్పుతున్నాయా, కిందా మీదా తప్పుతున్నాయా అన్నది రాసుకోండి. తర్వాత మీటరు దూరంలో పేపరును ఏటవాలుగా పెట్టి ఒక అక్షరం మీద ఫోకస్ చేసి లెన్సు మొత్తం తెరిచి ఎఫ్2.5లో తీయండి, కంప్యూటర్‌లో చూస్తే ఏ వరుస పదునుగా ఉందో తెలిసిపోతుంది. దగ్గర బాగుండి దూరం ఒక్కటే తప్పితే చిన్న పని. లెన్సు ఊడదీస్తే లోపల పైభాగంలో ఒక బుల్లి చక్రం కనిపిస్తుంది, లెన్సు రింగు తిప్పినప్పుడు దాన్నే నెడుతుంది, ఆ చక్రాన్ని కొద్దిగా సర్దితే ఇన్ఫినిటీ కుదురుతుంది. మీరు మాత్రం యూట్యూబ్ చూసి అలెన్ కీ పెట్టకండి, వెంట్రుకంత తిప్పినా దగ్గరి ఫోకస్ మొత్తం మారిపోతుంది. ఫిల్మ్ లైకాలు బాగుచేసే పాత మెకానిక్ ఎవరైనా హైదరాబాద్‌లో దొరికితే ఇది ఆయనకు కొత్త పని కాదు.

అప్పటిదాకా రింగు మీద గీతలు చూసుకుని తీయండి. ఎం8 మీద 35 లెన్సు ఎఫ్8 పెట్టి 3 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 2 నుంచి 5 మీటర్ల దాకా అంతా బాగానే వస్తుంది. కురుమూర్తి జాతరలో ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపు నేను ఇట్లానే తీశాను, ఆ తొక్కిసలాటలో ఎవరు ఎటు కదులుతారో చూడటమే సరిపోయింది, ఫోకస్ రింగు ముట్టుకోలేదు.

డబ్బు సంగతికొస్తే, ఫ్లాష్ కొనండి, అది తప్పదు. 85 మాత్రం సీజన్‌కు అద్దెకు తెచ్చుకోండి, హైదరాబాద్‌లో రోజువారీ ఇస్తున్నారు, ముహూర్తాలు ఉన్న రోజులే కదా కావాల్సింది. సూర్యాపేట పెద్దాయన చెప్పిన లెక్క తప్పని అనను. కానీ అమ్మేసిన ఎం8 స్థానంలో మళ్లీ ఇంకోటి, ఇదే కండిషన్‌లో, మచ్చలేని స్క్రీన్‌తో దొరకడం కష్టం. 85 ఎప్పుడైనా దొరుకుతుంది.

నల్గొండ నీడలు:

అందరికీ థ్యాంక్స్. గుట్ట మీదికి గురిపెట్టి చూశాను, దేవరకొండ అన్న చెప్పినట్టే పక్కకు తప్పుతోంది, కిందామీదా ఏం లేదు. పేపరు టెస్టులో నేను పెట్టిన అక్షరమే పదునుగా వచ్చింది. అంటే దూరం ఒక్కటే తేడా. స్క్రీన్ మీద మచ్చ కూడా లేదు, వెతికి వెతికి చూశాను.

సూర్యాపేట అన్నా, మీరు చెప్పింది ఇంట్లో చదివి వినిపించాను, మీ వైపే మాట్లాడారు. మీ మాటలో బోర్డు గురించి చెప్పింది నిజం, అది పోయే రోజు పోతుంది. కానీ నేను దీన్ని డబ్బు దాచుకున్నట్టు కొనలేదు. స్టూడియోలో రోజూ తీసేది ఎవరో ఒకరికి నచ్చేలా తీయాలి, తప్పదు, అందులో నాకు బాధ కూడా లేదు. పానగల్లులో తీసేవి ఎవరూ అడగరు, ఎవరికీ చూపించాల్సిన పనీ లేదు, ఆ ఫోటోలు తీయడం వల్లనే పెళ్లి మండపంలో వెలుతురు ఎటునుంచి వస్తోందో ముందుగా చూడటం నాకు వచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెప్తే ఒప్పుకున్నారు, ఒక షరతు మీద, 85 ఈ సీజన్‌కు అద్దెకే అని.

కొంటానన్న ఆయనకు ఫోన్ చేసి ఇవ్వడం లేదని చెప్పేశాను. పాలమూరు మేడమ్, యూవీ-ఐఆర్ కట్, ఆర్72 రెండూ 39 ఎంఎంలో కొనాలా, లేక ఆర్72 పెద్ద సైజు తీసుకుని రింగు వేసుకోవచ్చా?

పాలమూరు ఎండ:

కట్ ఫిల్టర్ 39లోనే కొనండి, అది ఎప్పుడూ లెన్సు మీదే ఉంటుంది. ఆర్72 పెద్ద సైజుది మీ దగ్గర ఉంటే స్టెప్-అప్ రింగుతో వాడుకోవచ్చు, కాకపోతే పెద్ద ఫిల్టర్ వ్యూఫైండర్ కింది మూలకు కొంచెం అడ్డం వస్తుంది. కొత్తగా కొనేటట్టయితే, 39లో దొరికితే అదే తీసుకోండి. ఆర్72 పెట్టేటప్పుడు కట్ ఫిల్టర్ తప్పకుండా తీయాలి, రెండూ కలిపి పెడితే ఏమీ రాదు.

దేవరకొండ ఖిల్లా:

మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు బాడీ ఒక్కటే తీసుకుపోకండి అన్నా, ఆ కలర్ స్కోపర్‌తో సహా ఇవ్వండి, పేపరు టెస్టు ఫోటోలు కూడా ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. సర్దిన తర్వాత అక్కడే మీటరు దూరంలో ఒకటి, రోడ్డు చివర ఒకటి తీసి చూసుకున్నాకే డబ్బులివ్వండి.