1988 నాటి క్యాసెట్, ఏడేళ్ల పిల్లాడి గిటార్: టేప్ ఫాస్ట్‌గా తిరుగుతోందా?

సీతమ్మధార చిన్నోడు:
మా పెదనాన్నగారి ఇల్లు సర్దుతుంటే బీరువా అడుగున ఒక క్యాసెట్ దొరికింది, లేబుల్ మీద ఆయన రాతతో "బాబు, మే 1988" అని ఉంది అంతే. బాబు అంటే మా అన్నయ్య, అప్పటికి ఏడేళ్లు. చిన్నప్పుడు క్లాసికల్ గిటార్ వాయిస్తుంటే చూసినవాళ్లు నోరెళ్లబెట్టేవారని ఇంట్లో కథలు కథలుగా చెప్తారు గానీ నాకు ఊహ తెలిసేసరికే ఇంటర్ ఎంపీసీ పుణ్యమా అని గిటార్ అటకెక్కేసింది, నేను ఎప్పుడూ విన్నది లేదు.

ఇప్పుడు విన్నాను. రొమాన్స్ అని ఒక స్పానిష్ పీసు ఉంటుంది కదా, ఎవరు కట్టారో తేలని పాత బాణీ, గిటార్ పట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వాయించేదే, అది రెండో భాగంతో సహా 2 నిమిషాల 10 సెకన్లలో లాగించేశాడు. నేనైతే పొంగిపోయి ఆఫీసులో గిటార్ వాయించే ఫ్రెండ్‌కి వినిపించాను. వాడు ఫోన్‌లో ట్యూనర్ పెట్టి చూసి, ఇది ఈ-మైనర్ (E minor) శ్రుతిలో పీసు, నీ క్యాసెట్‌లో జీ మైనర్ మోగుతోంది, మూడు ఫ్రెట్లు (గిటార్ మెడ మీది గళ్లు, ఒక్కోటి అర స్వరం) పైకి వెళ్లిందంటే టేప్ 19 శాతం ఫాస్ట్, సరిచేస్తే 2:35 అవుతుంది, ఆ స్పీడుకి ఎవరైనా వాయిస్తారు, పైగా వయసు కూడా తప్పు రాసుంటారు అని తీసిపారేశాడు. మనసు చివుక్కుమంది. అసలు స్పీడెంతో కనిపెట్టే దారి ఉందా?

ఇంకోటి. మధ్యలో మా పెద్దమ్మ గొంతు "చీకటి పడింది, లైటెయ్యండి" అని వినపడుతుంది, అక్కడినుంచి చివరిదాకా గుయ్ మని ఒక సౌండ్. అది తీసెయ్యడానికి ఏ యాప్ బావుంటుంది?

టేపుల మావయ్య:
ఒరే నాయనా, ఆ గుయ్ మనేదాన్ని తీసీకు! నీకు కావలసిన జవాబు అందులోనే ఉంది.

లైటెయ్యగానే మొదలైందంటే అది ట్యూబ్‌లైటు చోక్ సౌండు. కరెంటు 50 హెర్ట్జ్ అయితే చోక్ దానికి రెట్టింపు, 100 దగ్గర మోగుతాది, ఆ పైన 200, 300 దగ్గర కూడా. టేప్ ఫాస్ట్‌గా తిరిగితే గిటార్‌తో పాటు ఈ సౌండు కూడా అంతే పైకెళ్తాది కదేటి. మీ ఫ్రెండు చెప్పినట్టు నిజంగా 19 శాతం అయితే 100 కాస్తా 119 దగ్గర కనపడాల. ఆడాసిటీ అని సౌండు ఎడిట్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంటాది, అందులో ఎక్కించి పాట ఆగిన చోట గుయ్ సౌండు ఒక్కటే ఉన్న ముక్క సెలెక్ట్ చేసి ప్లాట్ స్పెక్ట్రమ్ కొట్టు, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత సౌండు ఉందో గీతలుగా చూపిస్తాది, సైజు 65536 పెట్టు, చిన్నది పెడితే గీత లావుగా వచ్చి అంకె తెలీదు. ప్లేయర్నీ ల్యాప్‌టాప్‌నీ రెండింటినీ బ్యాటరీ మీద నడుపు, లేపోతే ఇప్పటి కరెంటు హమ్ కూడా అందులో చేరి ఏది 1988దో ఏది ఇవాళ్టిదో తేల్చుకోలేవు.

టేప్ ఫాస్ట్ అవడం పెద్ద వింతేమీ కాదు. రికార్డ్ చేసిన మెషీన్ నిమ్మదిగా తిరిగితే (బ్యాటరీలు దిగిపోయో, బెల్టు సాగిపోయో) ఇప్పుడు సరైన మెషీన్‌లో వేసినప్పుడు ఫాస్ట్‌గా, సన్నగా వినిపిస్తాది. ఆ రోజుల్లో సెల్లులు ఎండలో పెట్టి మళ్లీ వాడేవాళ్లం, మరి.

టేప్ మీద తెల్లటి బూజు ఉందేమో వెలుతురులో చూశావా? మన సముద్రపు గాలికి పట్టీసే రకం. ఉంటే ప్లే మానీసి ముందు ఎవరికైనా చూపించు, అది హెడ్‌కి అంటుకుని మిగతా క్యాసెట్లకీ పాకుతాది.

నైలాన్ తీగ:
మీ ఫ్రెండ్ ఒక విషయం మర్చిపోయాడు. కేపో! అంటే ఒక ఫ్రెట్ మీద తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు. ఏడేళ్ల పిల్లాడికి ఫుల్ సైజు గిటార్ ఇచ్చారా, చిన్నదిచ్చారా కనుక్కోండి. ఫుల్ సైజుకి తీగ పొడవు 650 మిల్లీమీటర్లు, రెండో ఫ్రెట్ మీద కేపో బిగిస్తే 579కి దిగుతుంది, అంటే ముప్పావు సైజు గిటారంత, ఫ్రెట్లు కూడా కాస్త దగ్గరవుతాయి. చిన్న గిటార్ కొనే వీలు లేని ఇళ్లలో పిల్లలకి ఇలాగే మొదలుపెడతారు. అప్పుడు ఈ-మైనర్ వేళ్లు పెట్టినా మోగేది ఎఫ్ షార్ప్ మైనర్.

ఇక స్పీడు గొడవ నాకు అర్థం కాదు. రొమాన్స్‌లో ఉంగరంవేలు మొదటి తీగ మీద పాట పలికించాలి, మధ్యవేలు చూపుడువేలు కింద నింపుకుంటూ పోవాలి, మూడూ ఒకే బలంతో కొడితే పాట మునిగిపోతుంది. పెద్దవాళ్లం కూడా ఏళ్ల తరబడి తంటాలు పడేది అక్కడే. టేప్‌ని ఎంత స్లో చేసినా ఎంత ఫాస్ట్ చేసినా ఆ వేళ్ల మధ్య తేడా మాత్రం మారదు కదా? రెండోదైన మేజర్ భాగంలో బారే పట్టి (చూపుడువేలు అడ్డంగా పరిచి తీగలన్నీ ఒకేసారి నొక్కి) చిటికెనవేలు సాచే చోట తీగ టుక్కుమని చచ్చిపోతోందా, పలుకుతోందా, అది విని చెప్పండి. నేనైతే పిల్లాడి గొప్పతనం అక్కడ చూస్తాను, స్టాప్‌వాచ్‌లో కాదు.

గోదారి గాలి:
మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేటప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన నాన్నగారు కూడా మాండలిన్ వాయించేవారు. ఆస్ట్రేలియాలో పుట్టిన గిటారిస్టు జాన్ విలియమ్స్‌కి కూడా మొదట నేర్పింది నాన్నే, పదకొండేళ్లకే ఇటలీలోని సియెనాకి స్పానిష్ గిటార్ దిగ్గజం సెగోవియా దగ్గర నేర్చుకోవడానికి వెళ్లాడు. ఏడేళ్లకి రొమాన్స్ అంటే నమ్మలేనంత వింతేం కాదు, ఇంట్లో వాయిద్యం ఉండి కూర్చోబెట్టేవాళ్లు ఉంటే.

సీతమ్మధార చిన్నోడు:
మావయ్యా, చూశాను. గీతలు 103, 206, 309 దగ్గర వచ్చాయి. బూజు లేదు. పెద్దమ్మకి ఫోన్ చేస్తే గిటార్ పెద్దదేనట, పైన "బట్టల క్లిప్పులాంటిది" పెట్టి ఇచ్చేవారట, ఎన్నో ఫ్రెట్ మీదో ఆవిడకి ఎలా తెలుస్తుంది పాపం. మరి 103 అంటే 3 శాతమే కదా ఫాస్ట్? కానీ 3 శాతం తగ్గించి ట్యూనర్ పెడితే ఎఫ్ షార్ప్‌కీ జీకీ సరిగ్గా మధ్యలో ఆగుతోంది, ఎటూ కుదరట్లేదు.

నైలాన్ తీగ గారూ, ఆ చిటికెనవేలు చోట ఒకసారి టుక్కుమంది, రెండోసారి పలికింది.

పాత బోర్డు ఉద్యోగి:
నేను ఎలక్ట్రిసిటీ బోర్డులో చేసి రిటైరయ్యాను. మీరందరూ 1988 మే నెల సాయంత్రం కరెంటు 50 హెర్ట్జ్ అనుకుని లెక్క వేస్తున్నారు బాబూ, అక్కడే తేడా. లోడు ఎక్కువై జనరేషన్ సరిపోకపోతే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది. ఆ రోజుల్లో మన సదరన్ గ్రిడ్‌లో దీపాలు పెట్టే వేళ 49 కంటే కిందికి దిగడం మాకు మామూలే. 2003 జనవరిలో ఏబీటీ (ఫ్రీక్వెన్సీ పడిపోయినప్పుడు కోటాకి మించి వాడితే ఎక్కువ రేటు పడే టారిఫ్) వచ్చాక గానీ దారిలో పడలేదు. ఇప్పుడంటే చాలావరకు 49.9కీ 50.05కీ మధ్యే ఉంటోంది.

మీ 103లో సగం 51.5. టేప్ 6 శాతం ఫాస్ట్ అనుకోండి, అసలు కరెంటు 48.6 అవుతుంది. ఎండాకాలం, చీకటి పడే వేళ, సరిగ్గా నప్పే అంకె.

నైలాన్ తీగ:
ఆహా! 6 శాతం అంటే సరిగ్గా ఒక ఫ్రెట్. జీ నుంచి ఒకటి దించితే ఎఫ్ షార్ప్, కేపో రెండో ఫ్రెట్, కింద ఈ-మైనర్. అతికినట్టు సరిపోయింది. ఒక్కటే అనుమానం, గిటార్‌ని దేంతో శ్రుతి చేసేవారు? ఊరికే చెవితో బిగించుకుంటే ఈ లెక్క అంత గట్టిగా నిలబడదు.

సీతమ్మధార చిన్నోడు:
అది నాకూ తెలుసు, పెదనాన్నగారి బల్ల సొరుగులో శ్రుతి చూసుకునే స్టీలు ట్యూనింగ్ ఫోర్క్ ఉండేది, 440 అని చెక్కి ఉంటుంది, మేం చిన్నప్పుడు మోకాలి మీద కొట్టి చెవిలో పెట్టుకుని ఆడుకునేవాళ్లం.

అయితే 2:10 కాస్తా 2:18 అవుతుంది, అంతేనా? మా ఫ్రెండ్ చెప్పిన 2:35 కాదు కదా. ఇప్పుడే లింక్ పంపిస్తున్నా వాడికి.

టేపుల మావయ్య:
అంతే. చేంజ్ స్పీడ్‌లో మైనస్ 5.66 పెట్టు, 6 పెట్టీకు, పైకెళ్లిన శాతమూ కిందికి దిగే శాతమూ ఒకటి కావు. చేంజ్ టెంపో జోలికెళ్లకు, అది శ్రుతిని అలాగే ఉంచీసి వేగం ఒక్కటే మారుస్తాది. మొదటి నిమిషంలోనూ చివరి నిమిషంలోనూ 309 గీత ఒకే చోట ఉందో లేదో కూడా చూసుకో, జరుగుతుంటే రికార్డ్ చేసినప్పుడు మెషీన్ వేగం మారిందన్నమాట, అప్పుడు ముక్కలు ముక్కలుగా సరిచెయ్యాల. సరిచెయ్యని ఫైలు మాత్రం వేరేగా దాచు, గుయ్ సౌండుతో సహా. మరి రెండో వైపు ఏటుందో వేశావా లేదా?

సీతమ్మధార చిన్నోడు:
వేశాను. ముప్పావు వంతు క్రికెట్ కామెంటరీ, చివర్లో స్కేల్స్ ప్రాక్టీసు, ఒకే స్కేలు మళ్లీ మళ్లీ, మధ్యలో "ఇంక చాలు నాన్నా" అని ఏడుపు గొంతు. అది మాత్రం ఇక్కడ పెట్టను, అన్నయ్యని అడగాలి ముందు.