కృష్ణా నీళ్ల పంచాయితీ: కరువు నీళ్లకా, నమ్మకానికా?

సాగర్‌తీరం (చర్చ మొదలుపెట్టినవారు)

2023 నవంబర్ 30, తెలంగాణలో పోలింగ్ రోజు. అంతకుముందు రాత్రే ఆంధ్రా పోలీసులు, ఇరిగేషన్ అధికారులు నాగార్జునసాగర్ డ్యామ్ మీదికి వచ్చారు. 26 గేట్లలో 13 గేట్ల వరకు తమ అధీనంలోకి తీసుకుని, కంచె వేసి, కుడికాలువకు నీళ్లు వదిలారు. మా చుట్టాలు ఆంధ్రలో మాచర్ల వైపూ ఉన్నారు, తెలంగాణలో హాలియా వైపూ ఉన్నారు. ఆ రోజు ఇద్దరితో ఫోన్లో మాట్లాడితే రెండు వేర్వేరు సంఘటనల గురించి విన్నట్టుంది. "సగం డ్యామ్ మన గడ్డ మీద ఉంది, మన కాలువ తూము మన చేతిలో ఉండొద్దా? వదిలింది తాగునీళ్లే కదా" అని మాచర్ల వాళ్లు. "రాష్ట్రం విడిపోయినప్పటి నుంచి సాగర్ నిర్వహణ మనది, శ్రీశైలం వాళ్లది. ఓట్ల హడావిడి చూసి రాత్రిపూట వచ్చి ఆక్రమించారు" అని హాలియా వాళ్లు. చివరికి కేంద్రం కలగజేసుకుని డ్యామ్ దగ్గర సీఆర్పీఎఫ్‌ను పెట్టాల్సి వచ్చింది.

వీళ్లలో అబద్ధం ఆడుతున్నవాళ్లు ఎవరూ లేరు. ఉన్నది చూసే తీరులో తేడా. లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్న దగ్గరే దారులు చీలిపోతున్నాయి. కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. విభజన తర్వాత 2015 జూన్‌లో ఢిల్లీలో కూర్చుని 512 ఆంధ్రకు, 299 తెలంగాణకు అని తాత్కాలికంగా రాసుకున్నారు. ఆంధ్ర వైపు ఆ అంకెను ప్రాజెక్టుల వారీగా ఎప్పటి నుంచో ఉన్న హక్కుగా చూస్తారు. తెలంగాణ వైపు అదే అంకె ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన అన్యాయానికి వేసిన అధికారిక ముద్ర. ఒక్క ఏడాది కోసం రాసుకున్న కాగితం ఇన్నేళ్లుగా నలుగుతోంది.

నేననేది ఏంటంటే, వాటాల గురించి కొట్టుకునే ముందు ఇద్దరూ నమ్మే కొలత ఒకటి ఉండాలి. ఎవరు ఎంత తీసుకున్నారో పక్కవాడు నమ్మనంత కాలం ఏ తీర్పూ నిలబడదు. మీరేమంటారు?

పాలమూరు రైతుబిడ్డ

అన్నా, నువ్వు మంచి మనసుతోనే రాశావు. కానీ "చూసే తీరులో తేడా" అన్న మాటతోనే నాకు పేచీ. అన్యాయాన్ని అట్ల అభిప్రాయం కింద మార్చేస్తే, పోగొట్టుకున్నోడూ తీసుకున్నోడూ సమానమైపోతారు.

తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం, అదే ఆర్డీఎస్ సంగతే తీసుకో. రాజోలిబండ నుంచి మాకు 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలు అని కాగితం మీద ఎప్పుడో రాసి ఉంది. అలంపూర్, గద్వాల రైతులను అడుగు, కాలువ చివరి భూములకు ఏనాడైనా నిండుగా పారిందా అని. అక్కడ ఎవరి వాటా ఎంతో అందరికీ తెలుసు. నీళ్లే రాలేదు. మరి కొలత వల్ల ఏం ఒరిగింది?

బచావత్ సంగతీ అంతే. 1960 సెప్టెంబర్ నాటికి నడుస్తున్న, చేపట్టిన ప్రాజెక్టులకు ముందు రక్షణ ఇచ్చారు. అప్పటికే కాలువలు ఉన్నోళ్లకు అది న్యాయంగా కనిపించొచ్చు. ఆ నాటికి మా పాలమూరులో కాలువలేవి? ఉమ్మడి రాష్ట్రంలో కృష్ణా పరీవాహక ప్రాంతం మూడింట రెండు వంతులు తెలంగాణలోనే ఉంది. నీళ్లు మా పక్క నుంచే పోతుంటే మా ఊళ్లు బొంబాయికి కూలికి పోయినయి. దీన్ని చూసే తీరు అంటే నేను ఒప్పుకోను.

డెల్టా రైతు, అవనిగడ్డ

పాలమూరు తమ్ముడి బాధ కాదనను. కానీ మమ్మల్ని "తీసుకున్నోళ్లు" అనడం న్యాయం కాదు. కాటన్ దొర కాలంలో, 1855లోనే బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. డెల్టాలో దాదాపు 13 లక్షల ఎకరాలు దాని మీదే బతుకుతున్నాయి. బచావత్ మాకు ఇచ్చిన 181.2 టీఎంసీలు కొత్తగా ఎవరి దగ్గరా లాక్కున్నవి కావు, అంతకు ముందు నుంచీ వాడుకుంటున్నవే.

వాన ఎక్కడ పడితే నీళ్లు అక్కడివే అంటే, ఆ మాట తెలంగాణ దగ్గర ఆగుతుందా? మహారాష్ట్ర, కర్ణాటక రేపు అదే అంటే మీ జూరాల ప్రాజెక్టుకు మాత్రం ఏం మిగులుతుంది? పైవాడి తర్కం మన మీద పడ్డప్పుడు తప్పుగా, మనం వాడుకున్నప్పుడు ఒప్పుగా కనిపించకూడదు.

ఇంకో మాట. పైనున్న వాళ్లకు మేం ఏడాది పొడుగునా నీళ్లలో మునిగి తేలేవాళ్లలా కనిపిస్తాం. నాగాయలంక, కోడూరు వైపు వచ్చి చూడండి. కాలువకు నీళ్లు పదిహేను రోజులు ఆలస్యమైతే నాట్లు వెనక్కి పోతాయి, కోతల వేళకు తుపాను వచ్చి మీద పడుతుంది. నీళ్లు తగ్గితే ఉప్పు పైకి తన్నుకొస్తుంది. మా భయం మాది.

పాలమూరు రైతుబిడ్డ

పరీవాహకం ఒక్కటే చూడమని మేం అనలేదు పెద్దాయనా. సాగుకు పనికొచ్చే భూమి, కరువు, జనాభా అన్నీ చూడమంటున్నం. మీ డెల్టాను ఎండబెట్టమని కూడా అనలేదు. మా కృష్ణా బేసిన్ గొంతు తడవకముందే బేసిన్ దాటించి పెన్నా వైపు తీసుకుపోవడం గురించే మా గొడవ.

సీమ గొంతు

పెన్నా వైపు అన్నారు కాబట్టి నేను మాట్లాడాలి. మీ ఇద్దరి వాదనలో రాయలసీమ ఎప్పుడూ "దాటించి తీసుకుపోయే" చోటు మాత్రమే. 1937 నవంబర్‌లో మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్ల విషయంలో పదేళ్ల పాటు రాయలసీమ, నెల్లూరు అవసరాలకే మొదటి ప్రాధాన్యం అని అందులో ఉంది. ఆ మాట నమ్మే మా పెద్దలు ఆంధ్ర రాష్ట్రానికి ఒప్పుకున్నారు. తెలంగాణకు 1956 పెద్దమనుషుల ఒప్పందం ఎలాంటిదో మాకు శ్రీబాగ్ అలాంటిది. మీ గాయం మీకు గుర్తుంది, మాది మాకు గుర్తుంది.

శ్రీశైలం నుంచి సీమకు నీళ్లు తీసుకొచ్చే పోతిరెడ్డిపాడునే చూడండి. 11,000 క్యూసెక్కుల తూమును 44,000కు పెంచాలని 2005లో జీవో ఇచ్చారు. తెలంగాణ సభల్లో దాన్ని శ్రీశైలానికి పెట్టిన బొక్క అన్నారు. కర్నూలు, కడపల్లో అదే మాకు ఊపిరి. మద్రాసుకు తాగునీళ్లు వెళ్లేదీ ఆ దారినే. శ్రీశైలంలో మట్టం 854 అడుగుల దగ్గర లేకపోతే ఆ తూములోకి చాలినంత నీళ్లు ఎక్కవు. 2021 వేసవి చివర్లో, డ్యామ్ నిండకముందే తెలంగాణ ఎడమగట్టున కరెంటు తయారీ మొదలుపెట్టింది. మాకు అది కిందికి ఒలకబోసిన సాగునీరు. వాళ్లకేమో శ్రీశైలం మొదటి నుంచీ కరెంటు ప్రాజెక్టు, పైగా ఎత్తిపోతలకు కరెంటు కావాలి. ఆంధ్ర సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒకే నీటి చుక్కను ఇక్కడ వరి నాటుగా చూస్తున్నారు, అక్కడ కరెంటు యూనిట్‌గా చూస్తున్నారు.

ముంపు ఊరివాడు

మాది శ్రీశైలం కింద మునిగిన ఊరు. అటు కర్నూలు వైపు ఊళ్లూ మునిగాయి, ఇటు కొల్లాపూర్ వైపు ఊళ్లూ మునిగాయి. 98 జీవో కింద ఇంటికో ఉద్యోగం అని తిరిగి తిరిగి వయసు దాటిపోయినవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాటాల చర్చలో మా పేరు ఎవరి నోటా రాదు. అదొక్కటి చెప్పాలనిపించింది.

కోర్టుమెట్లు

సీమ గొంతు గారు చెప్పిన కేసులోనే అసలు విషయం ఉంది. 2021 ఆగస్టులో అది అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ ముందుకు వచ్చింది. తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, మధ్యవర్తిత్వంతో తేల్చుకుంటే సహకరిస్తానని, చట్టప్రకారమే తేల్చాలంటే తాను విననని ఆయన అన్నారు. ఆంధ్ర ప్రభుత్వం మధ్యవర్తిత్వం వద్దంది. కేసు వేరే బెంచికి పోయింది.

ఎందుకు వద్దన్నారో ఆలోచించండి. మాట్లాడుకుని పది టీఎంసీలు వదులుకున్న ముఖ్యమంత్రి ఏ పార్టీ వాడైనా, ఏ రాష్ట్రం వాడైనా, ద్రోహి అనిపించుకుంటాడు. కోర్టులో ఓడిపోతే కోర్టు ఇచ్చింది అని చెప్పుకోవచ్చు. రాజీని ఓటమిగా చూసే జనం ఉన్నంతకాలం నాయకులు రాజీకి రారు. అందుకే చూపు సంగతి నాకు చిన్న విషయంగా కనిపించదు.

అలాగని దారి పూర్తిగా మూసుకుపోలేదు. కేంద్ర మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చునే అపెక్స్ కౌన్సిల్ 2020 అక్టోబర్ సమావేశంలో తెలంగాణ నీళ్ల పంపకం మీద తాను వేసిన సుప్రీంకోర్టు కేసు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆ తర్వాతే, 2023 అక్టోబర్‌లో, రెండు రాష్ట్రాల మధ్య పంపకం తేల్చమని బచావత్ తర్వాత వచ్చిన కృష్ణా ట్రిబ్యునల్‌కు, అంటే బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు కేంద్రం కొత్త విధివిధానాలు ఇచ్చింది.

సాగర్‌తీరం

పాలమూరు తమ్ముడూ, ఆర్డీఎస్ గురించి నువ్వన్నది నిజం. వాటా రాసి ఉన్నంత మాత్రాన నీళ్లు రావు. కానీ అక్కడ ఏం జరిగిందో ఇంకోసారి చూడు. నీళ్లు ఎక్కడ తగ్గిపోతున్నాయన్న దానికి కర్నూలు-కడప (కేసీ) కాలువ రైతు చెప్పే కారణం వేరు, అలంపూర్ రైతు చెప్పేది వేరు, ఆనకట్ట ఉన్న రాయచూరు వైపు చెప్పేది వేరు. ఏ రోజు ఏ తూములో ఎంత పారిందో ముగ్గురూ సంతకం పెట్టిన లెక్క ఉండి ఉంటే, నీకు జరిగింది అన్యాయమని నువ్వు అరిచి చెప్పక్కర్లేదు, ఆ కాగితమే చెప్పేది. కొలత అడగడమంటే అన్యాయాన్ని అభిప్రాయంగా మార్చడం కాదు, దాన్ని ఎవరూ కాదనలేకుండా చేయడం.

2025 జూలైలో ఇద్దరు ముఖ్యమంత్రులు ఢిల్లీలో కేంద్ర జలశక్తి మంత్రి ముందు కూర్చున్నప్పుడు కృష్ణా ప్రాజెక్టుల దగ్గర టెలిమెట్రీ, అంటే పారే నీళ్లను తనంతట తానే కొలిచి పంపే మీటర్లు, పెట్టడానికి ఒప్పుకున్నారు. వాటాల మీద ఒక్క అడుగు కదలని వాళ్లు దీని మీద కదిలారంటే చిన్న సంగతి కాదు. ఆ రీడింగులు ఆఫీసు కంప్యూటర్లలోనే ఉండిపోకుండా, రోజూ రెండు వైపుల రైతులకూ ఫోన్లో కనిపించాలి. నేను అడిగేది అది.

పాలమూరు రైతుబిడ్డ

సరే అన్నా, అంతవరకు వస్తా. కానీ మీటరు పోతిరెడ్డిపాడు తూము దగ్గర ఒక్కటే పెడితే నేను నమ్మను. ఆ నీళ్లను కాలువలకు పంచే బనకచర్ల రెగ్యులేటర్ దగ్గర మూడు దిక్కులా పెట్టాలి. శ్రీశైలం నీళ్లు సీమకు ఎత్తే మల్యాల, ముచ్చుమర్రి పంపుల దగ్గరా పెట్టాలి. అదీ ట్రిబ్యునల్ తీర్పు కోసం ఆగకుండా ఇప్పుడే.

సీమ గొంతు

పెట్టనీ, మాకు అభ్యంతరం లేదు. మరి మీ వైపు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి పంపులకు? పాలమూరు-రంగారెడ్డి పంపులకు? ఎడమగట్టు కరెంటు హౌస్ నుంచి కిందికి పోయేదానికి?

పాలమూరు రైతుబిడ్డ

వాటికీ పెట్టాలి. రాసుకో.

డెల్టా రైతు, అవనిగడ్డ

ప్రకాశం బ్యారేజీ నుంచి సముద్రంలోకి పోయే నీళ్లను కూడా ఆ లెక్కలో చేర్చండి. వరదల్లో ఎంత పోతోందో, కరువు ఏడాదిలో మాకు ఎంత వస్తోందో పైవాళ్లు కూడా చూడాలి.