దగ్గు సిరప్‌లో టెర్బ్యుటలిన్ ఉంది, రేసులకి వెళ్లేవాడు తాగొచ్చా?

మేం బెంగళూరులో ఉంటాం. మా తమ్ముడు రోడ్ సైక్లింగ్ రేసుల్లో పోటీ చేస్తాడు. ఈ దుమ్ముకి వాడికి దగ్గు పట్టుకుంది. ఆస్తమా చిన్నప్పటి నుంచీ ఉన్నదే, సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వాడతాడు. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 దాటకుండా పీలిస్తే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా (WADA) నిబంధనల ప్రకారం తప్పు లేదు. అయినా నాకు టెన్షనే. 2017లో స్పెయిన్ రేసు వుయెల్టాలో సైక్లిస్టు ఫ్రూమ్‌కి పరీక్షలో ఈ మందు పరిమితి దాటి వస్తే కేసు మరుసటి ఏడు మూసేశారు, 2007లో ఇటలీ రేసు జీరో డి ఇటాలియాలో ఇదే మందుతో దొరికిన సైక్లిస్టు పెటాచీకి మాత్రం నిషేధం పడింది.

అసలు చిక్కు సిరప్‌తో. మందుల షాపతను ఇచ్చిన సీసా వెనక సన్నటి అక్షరాల్లో టెర్బ్యుటలిన్, బ్రోమ్‌హెక్సిన్, గ్వైఫెనెసిన్ అని ఉంది. మొదటిది అనుమతి లేకుండా రేసులప్పుడే కాదు, ఎప్పుడూ వాడకూడదు! షాపతనికి ఇదెలా తెలుస్తుంది పాపం. సీసా ఇంకా మూత తీయలేదు.

మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా నుంచి టీయూఈ, అంటే వైద్య కారణాలతో ఇచ్చే మినహాయింపు, తెచ్చుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష) రిపోర్టు ఒక్కటీ చాలిందా? ఇంకేం అడిగారు? ఇక్కడ వాడా నిషేధిత మందుల జాబితా చూసి మందు రాసే డాక్టరు ఎవరైనా తెలుసా? అంతదాకా దగ్గుకి మీరేం వాడతారు?